అరవై అయిదు గొంతులు

పడమటి గాలి తిరిగిన రోజున, పొద్దుటి టీ వేళకు మంచు మధ్య అర మైలు వెడల్పున్న నీటి సందు, మధ్యాహ్నం సూపు కాగేసరికి మూసుకుపోయింది. సముద్రం మీద తేలే మంచంతా వచ్చి ఒడ్డుమంచును ఆనుకుని నిలబడింది. మంచుదిబ్బ మీది మంచెలో కూర్చుని దుర్భిణీతో తిమింగలాలను లెక్కపెట్టే ఇద్దరూ కిందికి దిగొచ్చి, గుడారంలో స్టవ్వు పక్కన కాళ్ళు చాపుకున్నారు. చూడటానికి నీళ్ళే లేనప్పుడు మంచె మీద కూర్చుని గడ్డకట్టడమెందుకు?

మంచులేని దక్షిణపు నగరం నుంచి ఈ లెక్క కోసమే వచ్చిన శాస్త్రవేత్త డాక్టర్ మెరివేల్ తన నల్ల అట్ట పుస్తకం తెరిచి, తారీకు వేసి, దాని ఎదురుగా 'సున్నా' అని రాయబోయాడు.

"సున్నానా?" అంది నౌయాక్, చెవులకున్న హెడ్‌ఫోన్లు ఒక పక్కకు తప్పించి. "ఎవరు చెప్పారు మీకు సున్నా అని? కింద ఒకటే సందడిగా ఉందండీ బాబూ!"

"వినపడటం వేరు నౌయాక్ గారూ, కనపడటం వేరు," అన్నాడు మెరివేల్ మెల్లగా. అతను మంచివాడే. మంచివాళ్ళు మెల్లగా చెప్పే 'కాదు' ఇంకా ఒళ్ళు మండిస్తుంది.

"వదినా, ఆయనకి తిమింగలం వచ్చి చేతిలో చెయ్యేసి, పేరు చెప్పి, సంతకం పెట్టాలి. అప్పుడు ఒకటి రాస్తాడు," అన్నాడు లెమ్యూల్. అతను నౌయాక్ మరిది. శిబిరానికి వంటవాడు, మంచుబండి నడిపేవాడు, ఎవరూ అడక్కపోయినా నవ్వించేవాడు.

నౌయాక్ నవ్వలేదు. నలభై ఒక్కేళ్ళ మనిషి. ఊళ్ళో బడి వంటశాలలో పనిచేస్తుంది. ఈ రెండు వసంతాలుగా మాత్రం ఒడ్డుమంచు అంచున గుడారంలో కూర్చుని, నీళ్ళలోకి దించిన మైకుల్లోంచి వచ్చే చప్పుళ్ళు వినడం ఆమె పని. ఈ పనికి మెరివేల్ మొదట నలుగురు చదువుకున్నవాళ్ళను పెట్టాడు. గడ్డం సీలు అనే నీటిజంతువు పాటకీ తిమింగలం మూలుగుకీ తేడా తెలియక వాళ్ళు మొదటి వారంలోనే చేతులెత్తేశారు. గడ్డం సీలు పైనెక్కడో మొదలుపెట్టి, మెలికలు తిరుగుతూ కిందికి జారి, చివర నిట్టూరుస్తుంది. తిమింగలం అలా కాదు, కడుపులోంచి మూలుగుతుంది, మూలుగు చివర ఒక్కసారి గొంతు లేపుతుంది. నౌయాక్‌కు ఇది ఎవరూ నేర్పలేదు. అన్నం ముద్దకీ రొట్టె ముక్కకీ తేడా ఎవరు నేర్పుతారు?

ఆ పుస్తకంలో సున్నా పడితే ఏమవుతుందో గుడారంలో ఉన్న అందరికీ తెలుసు. సికూవిక్ ఊరివాళ్ళు ప్రతి వసంతం ఎన్ని తిమింగలాలను వేటాడవచ్చో ఇప్పుడు ఊరు నిర్ణయించడం లేదు. ఎక్కడో దూరదేశంలో బల్లల చుట్టూ కూర్చునే పెద్దలు నిర్ణయిస్తున్నారు. తిమింగలాలు తగ్గిపోయాయని వాళ్ళ నమ్మకం. మంచె మీంచి కనపడినవే లెక్క, కనపడనివి లేనట్టే. కిందటి వసంతంలో ఊరు మొత్తానికి ఒకే ఒక్కటి అనుమతించారు. నాలుగు వందల మందికి ఒకటి! పళ్ళూడిన ముసలమ్మలకు మక్తాక్, అంటే కొవ్వుతో కోసిన తిమింగలం తోలు ముక్క, చేతిలో పెడుతూ, ఇదే ఆఖరు అని చెప్పలేక పెట్టేవాళ్ళు తల దించుకున్నారు. ఈ ఏటి లెక్క కిందటేటి లెక్కను దాటకపోతే వచ్చే వసంతానికి ఆ ఒక్కటీ ఉండదని ముందే ఉత్తరం వచ్చింది.

ఈ మాటకు అందరికంటే ఎక్కువ కాలింది నౌయాక్ తండ్రికి. ఏబ్నర్ ముప్ఫై ఏళ్ళు పడవ పెద్ద. ఆరేళ్ళ కిందట బడి హాల్లో లేచి నిలబడి, "సందు మూసుకుంటే అవి ఆగిపోవయ్యా. మంచు కిందనుంచే పోతాయి. మేం వింటాం," అని చెబితే, వచ్చిన అధికారులు మర్యాదగా నవ్వారు. ఏబ్నర్‌కు వాళ్ళన్న మాటలు సరిగ్గా వినపడలేదు గానీ, నవ్వు మాత్రం బాగా కనపడింది.

అవును, ఏబ్నర్‌కు చెవుడు. చిన్నప్పుడు రెండు చెవుల్లోనూ చీము కారి కారి, గాలిలో వచ్చే మాట అతనికి గోడ అవతలి మాటలా వినపడుతుంది. అయితే నీళ్ళలోకి తెడ్డు దించి, దాని పిడిని పళ్ళతో కరిచి పట్టుకుంటే, ఊళ్ళో మరెవరికీ వినపడనిది అతనికి వినపడుతుంది. దవడ ఎముకలోంచి నేరుగా తలలోకి పోతుంది. "ఏబ్నర్‌తో మాట్లాడాలంటే ముందు నీళ్ళలో దూకాలి," అని లెమ్యూల్ వెక్కిరిస్తాడు. వెక్కిరిస్తాడు గానీ, వేటకు వెళ్ళిన రోజున మాత్రం ఆ ముసలాయన పళ్ళ మధ్య తెడ్డు ఉన్నంతసేపూ ఊపిరి కూడా గట్టిగా తీయడు.

"సున్నా వెయ్యకండి," అంది నౌయాక్ మెరివేల్‌తో. "ఖాళీగా ఉంచండి. సందు మళ్ళీ తెరుచుకునేదాకా నేను వింటాను. విన్నది విన్నట్టు రాస్తాను. తర్వాత మీ ఇష్టం."

మెరివేల్ కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. అది సరేనన్నట్టో కాదన్నట్టో ఆమెకు తెలియలేదు, అడగనూ లేదు.

మూడు రోజులు వింది. ఏప్రిల్ ఆఖరు, పొద్దు గుంకినట్టే గుంకి మళ్ళీ లేచే రోజులు కాబట్టి ఎప్పుడు పడుకోవాలో చెప్పేవాళ్ళెవరూ లేరు. లెమ్యూల్ కారిబూ దుప్పి మాంసం సూపు, గట్టి బిస్కెట్లు తెచ్చి పక్కన పెడితే, చూపు తిప్పకుండా తినేది. ఒడ్డుమంచు అంచు పొడుగునా మైలుకొకటి చొప్పున మూడు మైకులున్నాయి. ఒక తిమింగలం కేకేస్తే అది మూడింటికీ ఒకేసారి చేరదు. దగ్గరున్న దానికి ముందు, దూరమున్న దానికి వెనక. ఆ కాస్త తేడాలను కొలిచి, కేకేసింది ఏ చోట ఉందో మెరివేల్ పెద్ద కాగితం మీద చుక్క పెడతాడు. నౌయాక్ పని విని తన పుస్తకంలో రాయడం: ఫలానా నిమిషంలో తిమింగలం గొంతు, ఫలానా నిమిషంలో మరొకటి.

ఏబ్నర్ పడవలో నాయనమ్మల నాటి నియమం ఒకటుంది. విన్న గొంతును వినలేదనకూడదు. వినీ విననట్టు ఊరుకుంటే ఆ తిమింగలం చిన్నబుచ్చుకుంటుంది, ఆ పడవ వైపు మళ్ళీ రాదు. నౌయాక్ ఆరేళ్ళప్పుడే ఇది ఆమె ఒంట్లో ఇంకిపోయింది. అందుకే మసకగా వినపడినదాన్ని కూడా వదల్లేదు. సన్నగా, దూరంగా, నీరసంగా ఉన్న గొంతులన్నీ రాసింది.

మూడో రోజు సాయంత్రం మెరివేల్ కాగితాన్ని గుడారం మధ్య పరిచాడు. అతని ముక్కు ఎర్రబడింది, చలికి కాదు.

"నూట తొంభై ఆరు," అన్నాడు. "మూడు రోజుల్లో. చూడండి, అడ్డదిడ్డంగా లేవు. రెండు బారులు తీరి పోయాయి. బయటి బారులో నూట ముప్ఫై ఒకటి. లోపలి బారులో అరవై అయిదు. కిందటేటి లెక్క దాటడానికి మనకు ఇంకా కావలసింది నూట యాభై, మే నెలలో కనపడేవేమో ఏటా పదికి మించవు! మా ఆఫీసువాళ్ళు ఊరికే ఒప్పుకోరు గానీ, ఇంత వరసగా ఉన్నదాన్ని కాదనడం కూడా వాళ్ళకు కష్టమే."

"అయ్య బాబోయ్, నూట తొంభై ఆరే!" లెమ్యూల్ గరిటె పట్టుకునే గుడారంలో గిరగిరా తిరిగాడు. "డాక్టరు గారూ, ఈ పూట మీకు సూపులో ఎముక కాదు, మాంసమే వేస్తా."

నౌయాక్ కాగితం మీదికి వంగింది. బయటి బారు సరిగ్గా ఉండవలసిన చోటే ఉంది, మూసుకుపోయిన సందు వెంబడి. లోపలి బారు దగ్గర ఆమె వేలు ఆగింది. ఆ చుక్కలన్నీ పెద్దగుట్ట అవతల, ఊరి వైపున పడ్డాయి. నవంబరు తుపానులో సముద్రపు మంచు ఒకదాని మీదొకటి ఎక్కి పోగుపడి, అడుగున ఇసుకలో కూరుకుని నిలబడిపోయిన గుట్ట అది. దానివల్లే ఒడ్డుమంచు కదలకుండా ఉంది. దాని అవతల పట్టుమని నాలుగు బారల లోతు నీళ్ళు లేవు. సీలు ఈదుతుంది అక్కడ. తిమింగలం ఎలా ఈదుతుంది?

మెరివేల్‌కు ఈ సంగతి తెలియదు. అతని కాగితం మీద ఆ గుట్ట లేదు. మంచె మీది లెక్కవాళ్ళిద్దరూ నిద్రపోతున్నారు. లెమ్యూల్ తిరగడమే గానీ కాగితం వైపు చూడలేదు. తెలిసింది నౌయాక్ ఒక్కదానికే.

సూపు తాగింది. వేడో చల్లనో కూడా తెలియలేదు. 'విన్నాను కదా, నా చెవులతో విన్నాను కదా' అని లోపల ఒక గొంతు. 'నూట ముప్ఫై ఒకటికి పంతొమ్మిది తక్కువ' అని ఇంకో గొంతు. ఆ పంతొమ్మిది లేక వచ్చే వసంతంలో పడవలన్నీ బోర్లించే ఉంటాయి. తండ్రి మళ్ళీ ఆ హాల్లో నిలబడతాడు, వాళ్ళు మళ్ళీ మర్యాదగా నవ్వుతారు. అన్నింటికంటే అదే ఆమెకు సహించరానిది.

లేచి బయటికి వచ్చింది. ఏబ్నర్ స్లెడ్జి మీద కూర్చుని తాడు చిక్కు తీస్తున్నాడు. చెవిటి మనిషితో గుట్టు మాట్లాడాలంటే పెద్ద తంటా. అతనికి వినపడేలా అరిస్తే శిబిరమంతా వింటుంది. కానీ తండ్రీకూతుళ్ళకు ఒక దారి ఉంది. ఆమె చిన్నపిల్లప్పుడు కనిపెట్టిన దారి. నౌయాక్ స్లెడ్జి లోంచి తెడ్డు తీసి పిడి తండ్రి నోటికి అందించింది. అతను ఏమిటని అడగకుండా పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. ఆమె రెండో కొసను గడ్డానికి ఆనించుకుని, కర్రకు పెదవులు తాకించి, తమ భాషలో గుసగుసలాడింది.

"నాన్నా, లోపలి బారు పెద్దగుట్ట అవతల పడింది."

ఏబ్నర్ కనుబొమలు ఒక్కసారి పైకి లేచాయి. ఇక్కడివాళ్ళకు అంత చాలు. వింటున్నాను, చెప్పు అని అర్థం.

"అరవై అయిదు. ఆ దొరకు తెలీదు. నేను విన్నాను నాన్నా, అబద్ధం రాయలేదు. విన్న గొంతును వినలేదనకూడదు కదా?"

ఏబ్నర్ నోట్లోంచి తెడ్డు తీశాడు. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు గానీ, ఆ పూట మాత్రం చాలా చిన్నగా మాట్లాడాడు.

"చిన్నప్పుడు నువ్వు ఖాళీ నూనె ట్యాంకులో తలపెట్టి అరిచేదానివి, గుర్తుందా? లోపల్నించి ఇంకో పిల్ల అరుస్తోందని మీ అమ్మ దగ్గరికి ఏడుస్తూ పోయావు."

నౌయాక్ తెడ్డును తీసి స్లెడ్జిలో పెట్టింది.

"మరి ఆ లోపలి పిల్లకి కూడా మీ అమ్మ గౌను కుట్టిందా? లేదుగా. వినలేదని ఎవరన్నారు, విన్నావు. ఒకే నోటిని రెండుసార్లు విన్నావంతే. గుట్టకి తగిలి వెనక్కొచ్చింది. నాకు చూపించు."

గుడారంలోకి వచ్చి, మైకుల చప్పుళ్ళన్నీ రికార్డు చేసిన టేపు పెట్టెకు తగిలించిన చెక్క స్పీకరు అంచును ముసలాయన పళ్ళతో కరిచి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మెరివేల్ నోరు తెరిచి చూస్తుండిపోయాడు. "తింటున్నాడు, డాక్టరు గారూ," అన్నాడు లెమ్యూల్. "మీ సామాను బాగా ఉడికినట్టుంది."

నౌయాక్ లోపలి బారులోని గొంతులు ఒక్కొక్కటే వినిపించింది. పదో దానికి ఏబ్నర్ వేలెత్తాడు. "దీనికి ముందుది పెట్టు." పెట్టింది. బయటి బారులోని గొంతు. చివర చిన్న చీలిక ఉంది ఆ మూలుగులో, బొంగురుపోయిన మనిషి గొంతులా. కొద్ది క్షణాల విరామం తర్వాత వచ్చిన లోపలి గొంతులోనూ అదే చీలిక. బలం తగ్గింది, చీలిక మాత్రం అదే.

"ఒకే ముసలాడు," అన్నాడు ఏబ్నర్, స్పీకరు తుడుస్తూ. "వాడికి జలుబు చేసింది." తర్వాత కూతురి ముఖం చూశాడు. ఆమె చెప్పమని అడగబోతోందని తెలిసి ముందే అడ్డుపడ్డాడు. "నన్నడక్కు. పుస్తకం నీది. కింద పేరు నీది."

బయటికి పోయి మళ్ళీ తాడు చిక్కు తీయడం మొదలుపెట్టాడు.

నౌయాక్ ఐదు గంటలు కూర్చుంది. తండ్రి పది విన్నాడు కదా, మిగతావీ అంతేలే అని ఒకే గీతతో కొట్టేయవచ్చు. ఆమెకు చెయ్యి రాలేదు. గొంతును వినకుండా కొట్టేయడం ఆమె వల్ల కాదు. ఒక్కోదాన్ని విని, దాని ముందుదాన్ని విని, రెండూ ఒకటేనని తేలాకే గీత పెట్టింది. ప్రతి గీత పక్కనా 'తిరిగొచ్చింది' అని రాసింది. ఏమైనా ఒకటి, కనీసం ఒక్కటి, జత లేనిది దొరకదా అని ముప్ఫయ్యో దాకా ఆశ పడింది. తర్వాత ఆశ పడటం మానేసి గీతలు పెట్టింది. అరవై అయిదూ అయ్యాక పుస్తకం తీసుకెళ్ళి మెరివేల్ ముందు పెట్టింది.

అతను పేజీలు తిప్పాడు. అతని ముఖం నెమ్మదిగా వాడిపోయింది.

"నూట ముప్ఫై ఒకటి," అన్నాడు. "నౌయాక్ గారూ, ఇది చాలదు."

"తెలుసు."

"నాకిది ఎప్పటికీ తెలిసేది కాదు. నా కాగితంలో ఆ గుట్ట లేదు. ఎందుకు చెప్పారు?"

"రేపు మీవాళ్ళలో ఎవడో ఒకడు వచ్చి అక్కడ గుండు కట్టి తాడు వదిలితే, నాలుగు బారలకే ఇసుక తగులుతుంది. అప్పుడు మిగతా నూట ముప్ఫై ఒకటీ అబద్ధమే అంటాడు." అని ఆగింది. ఆ కారణం నిజమే, కానీ అసలుది అది కాదని ఆమెకే తోచింది. "అదలా ఉంచండి. లేనిదాన్ని ఉందని రాస్తే, ఉన్నవాటికి నా మొహం ఎలా చూపించను?"

మెరివేల్ పుస్తకం మూశాడు. "మావాళ్ళు చప్పుడును తిమింగలం అని ఒప్పుకోరు. కళ్ళతో చూసింది కావాలంటారు," అన్నాడు.

అతని పెదవుల కదలిక చూసి ఏబ్నర్‌కు ఎంత అర్థమైందో తెలియదు. గుడారం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో ఇనుప మొన ఉన్న పొడుగు కర్ర. "అబ్బాయ్," అన్నాడు. "బూట్లు బిగించుకో. నడుద్దాం."

"ముందు గుట్ట అవతలికి," అంది నౌయాక్.

"అక్కడేముందని? ఏమీ లేదని నువ్వే అంటున్నావుగా వదినా!" అన్నాడు లెమ్యూల్.

"ఏమీ లేదనేదే చూపించాలి."

గుట్ట అవతల ఏబ్నర్ మంచు పగులు ఒకటి వెతికి, ఇనుప మొనతో పొడిచి పెద్దది చేశాడు. లెమ్యూల్ సీసం గుండు కట్టిన తాడు వదిలాడు. నాలుగు బారలైనా పోకుండానే తాడు సడలింది. పైకి లాగితే గుండుకు నల్లటి ఇసుక బురద. నౌయాక్ ఆ బురదను వేలితో తీసి మెరివేల్ చేతి తొడుగుకు పూసింది. అతను దాన్ని దులుపుకోలేదు.

అక్కణ్ణించి సముద్రం వైపు రెండు మైళ్ళు. మూసుకుపోయిన సందు మీద మూడు రోజుల కొత్త మంచు జానెడు మందాన కట్టి ఉంది, బూడిద రంగులో, నున్నగా. ఏబ్నర్ ముందు నడుస్తూ ప్రతి అడుగుకూ కర్రతో పొడిచి చూశాడు. వెనక నౌయాక్, తర్వాత కాగితం గుండెలకు హత్తుకున్న మెరివేల్, ఆఖర్న పడవను స్లెడ్జి మీద లాగుతూ లెమ్యూల్. ఎందుకైనా మంచిదని. ఆ మంచు వాళ్ళ కింద కొద్దికొద్దిగా ఊగుతోంది.

మొదటిదాన్ని మెరివేల్ దాటిపోయాడు. చదునైన మంచు మీద చిన్న బుడిపె. నౌయాక్ చెయ్యి పట్టి ఆపింది. "మీ కాళ్ళ దగ్గర."

మంచు అక్కడ లోపల్నుంచి ఎత్తినట్టు ఉబ్బింది. ఉబ్బు నడినెత్తిన పగిలి, ముక్కలు రేకుల్లా బయటికి తెరుచుకుని, మళ్ళీ గడ్డకట్టుకుపోయాయి. పగులు అంచులకు తెల్లటి నూగు పట్టి ఉంది, ఊపిరి ఆవిరి గడ్డకట్టిన నూగు. అరమైలు దూరంలో మంచె మీంచి చూస్తే ఇది ఏ మంచు ముక్కో అనుకుంటారు. నలభై అడుగుల అవతల ఇంకొకటి. దాని అవతల మరొకటి. అన్నీ ఒకే బారులో, ఈశాన్యం వైపు. మెరివేల్ కాగితం విప్పి, దిక్సూచి పెట్టి, చుక్కల బారు వైపు చూశాడు, బుడిపెల బారు వైపు చూశాడు. రెండోసారి చూడాల్సిన అవసరం లేకపోయినా మళ్ళీ చూశాడు.

"తలతో," అన్నాడు ఏబ్నర్, తన నెత్తిని తట్టుకుంటూ. "ఇక్కడితో ఎత్తుతాయి. ఊపిరి తీసుకుంటాయి. పోతాయి."

అప్పుడు మంచు లేచింది. వాళ్ళకు ఇరవై అడుగుల ముందు, చప్పుడేమీ లేకుండా, బల్ల మీది గుడ్డను కింద నుంచి పిడికిలితో ఎత్తినట్టు లేచింది. తర్వాత పెటపెటమని పగిలింది. పగులులోంచి ఒక నల్లటి మెరుపు, ఒక పెద్ద నిట్టూర్పు, చేప వాసన వేసే వెచ్చటి ఆవిరి. ఆ ఆవిరి మెరివేల్ ముఖం మీద పడి కళ్ళద్దాల మీద గడ్డకట్టింది. మంచు మెల్లగా దిగింది. కాళ్ళ కింద కాసేపు ఊగి ఆగింది.

లెమ్యూల్ పడవ తాడు వదిలేసి టోపీ తీశాడు.

మెరివేల్ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో, ఆవిరో తెలియలేదు. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని నల్ల అట్ట పుస్తకం తెరిచాడు. కలం గడ్డకట్టింది. నౌయాక్ పెన్సిల్ ఇచ్చింది. మూడు తారీకుల ఎదురుగా ఖాళీగా ఉంచిన చోట్ల అంకెలు వేసి, మూడూ కలిపి నూట ముప్ఫై ఒకటి అని రాసి, 'సందు మూసి ఉండగా, మంచు కింద, విని లెక్కించినవి' అని చేర్చి సంతకం పెట్టాడు. పెట్టి పుస్తకం ఆమె చేతికిచ్చాడు.

"మీరూ పెట్టండి. నేను లెక్కపెట్టానంతే. విన్నది మీరు."

కిందటేటి లెక్కకు ఇంకా పంతొమ్మిది తక్కువగా ఉండగానే సందు తెరుచుకుంది. మే నెలలో రెండుసార్లు మళ్ళీ మూసుకుంది. కానీ ఆ తర్వాత నల్ల అట్ట పుస్తకంలో సున్నా ఎవరూ రాయలేదు. నౌయాక్ వింది, గుట్టకు తగిలి తిరిగొచ్చిన ప్రతి గొంతునూ అక్కడికక్కడే కొట్టేసింది, అయినా లెక్క కిందటేటిని దాటిపోయి ఇంకా చాలా ముందుకు నడిచింది.

ఆగస్టులో మెరివేల్ తానే ఉత్తరం పట్టుకుని ఊరికి వచ్చాడు. అతనితో ఒక పెద్ద అధికారి కూడా. బడి హాలు కిక్కిరిసింది. కూర్చోవడానికి చోటు లేక పిల్లలు కిటికీల మీద ఎక్కారు. వచ్చే వసంతానికి సికూవిక్‌కు నాలుగు తిమింగలాలని అధికారి చదివాడు. మంచు కిందనుంచి పోయేవాటిని ఇకమీదట వినే లెక్కపెడతారని కూడా చదివాడు. హాలంతా ఒక్కసారి లేచింది. ముసలమ్మలు చేతులు పైకెత్తి ఆడారు. ఎవరో ఏబ్నర్‌ను ముందుకు నెట్టారు.

అధికారి చెయ్యి చాపి, అతని చెవి దగ్గర గట్టిగా అన్నాడు. "మీరు ముందే చెప్పారట! మంచు కింద ఉన్నాయని మీరే చెప్పారట! మీకు గర్వంగా ఉండాలి!"

ఏబ్నర్‌కు సగం వినపడింది. చెయ్యి కలిపాడు. కలిపిన చెయ్యి వదలకుండా, బల్ల మీదున్న నౌయాక్ పుస్తకాన్ని రెండో చేత్తో లాగి, ఆ మూడు రోజుల పేజీ తెరిచి అధికారి ముక్కు కింద పెట్టాడు. తన గొంతు ఎంత పెద్దదో తెలియని మనిషి కాబట్టి హాలు ఆ మూల దాకా వినపడింది.

"ఉన్నాయని చెప్పడానికి ఏముందయ్యా, నేనూ చెప్పాను, మా నాన్నా చెప్పాడు. ఇవి చూడు. ఒకటి, రెండు, మూడు... అరవై అయిదు. ఒక్కోదాన్నీ విని కొట్టేసింది. ఊరంతా ఆకలితో చూస్తుంటే కొట్టేసింది. ఇది నా కూతురు!"

నౌయాక్ జనంలో ఎక్కడో వెనక నిలబడి ఉంది. ముందు వరసలో ముసలాయన ఇంకా పేజీ మీద వేలు పెట్టి ఒక్కో గీతనూ చూపిస్తున్నాడు. అధికారి ఒక్కటీ వదలకుండా చూడక తప్పలేదు.